లాలాగూడ డాబా మీద హామ్ రేడియో: కొంత పవర్‌ను కాల్చేసే తీగ ఎందుకు పనికొస్తుంది?

2004 డిసెంబర్ 26, ఆదివారం. సుమత్రా దగ్గర సముద్రం అడుగున భారీ భూకంపం వచ్చింది. కాసేపటికే అండమాన్ నికోబార్ దీవుల మీద సునామీ విరుచుకుపడింది. ఫోన్లు మూగబోయాయి. చాలా దీవుల నుంచి బయటి ప్రపంచానికి కబురు అందే దారి లేకుండా పోయింది.

ఆ సమయానికి పోర్ట్ బ్లెయిర్‌లో ఒక చిన్న హామ్ రేడియో బృందం ఉంది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున వెళ్లిన బృందం అది. భారతీ ప్రసాద్ దానికి నాయకురాలు. రేడియో ప్రపంచంలో ఆమె కాల్‌సైన్ వీయూ2ఆర్‌బీఐ. అండమాన్‌లో వాడింది వీయూ4ఆర్‌బీఐ. వాళ్లు వెళ్లింది సహాయ కార్యక్రమాలకు కాదు. అండమాన్ నుంచి ప్రపంచంలోని హామ్‌లతో మాట్లాడటానికి వెళ్లారు. సునామీ వచ్చాక అదే రేడియో, అదే తీగ దీవులకూ ప్రధాన భూభాగానికీ మధ్య కబుర్లు మోశాయి. ఎవరు క్షేమంగా ఉన్నారు, ఎవరి జాడ తెలియలేదు అనే సమాచారం ఎన్నో కుటుంబాలకు ఆ దారిలోనే చేరింది.

ఈ కథ చెప్పినప్పుడల్లా అందరూ రేడియో గురించే మాట్లాడతారు. కానీ రేడియో పెట్టెలో ఎంత పవర్ ఉన్నా, దాన్ని గాల్లోకి పంపేది పైన కట్టిన తీగే. ఆ తీగ గురించే ఈ వ్యాసం. ముఖ్యంగా మన లాలాగూడ లాంటి ఇరుకు బస్తీలో, 120 గజాల ఇంటి డాబా మీద ఎలాంటి తీగ కట్టొచ్చు, దాంతో ఏం వస్తుంది, ఏం పోతుంది అనేది చూద్దాం.

మన ఊరికి రేడియో కొత్త కాదు

హైదరాబాద్‌లో డెక్కన్ రేడియో 1935 ఫిబ్రవరి 3న ప్రసారాలు మొదలుపెట్టింది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలం అది. ట్రాన్స్‌మిటర్ పవర్ 200 వాట్లు. ఇవాళ మన ఇళ్లలో రెండు మూడు సీలింగ్ ఫ్యాన్లు తినే కరెంటు అంత. 1950 ఏప్రిల్ 1న అది ఆలిండియా రేడియోలో కలిసింది.

నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో 1983లో హైదరాబాద్‌లోనే మొదలైంది. దేశం నలుమూలల నుంచి హామ్‌లు వచ్చి నేర్చుకున్న సంస్థ ఇది. అంటే ఆకాశంలోకి తీగ కట్టి దూరాలతో మాట్లాడే పని ఈ నగరానికి బాగా తెలుసు.

లాలాగూడ విషయానికొస్తే, నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కాలం నుంచి ఇది రైల్వే బస్తీ. వర్క్‌షాప్, క్వార్టర్లు, రైల్వే ఆస్పత్రి, చుట్టూ మెట్టుగూడ, తార్నాక, మౌలాలి. ఫిట్టర్లు, వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు ఉన్న ఇళ్లకు ఇక్కడ కొదవ లేదు. చేతిపని తెలిసిన వాళ్లు ఉన్నచోట యాంటెన్నా కట్టడం పెద్ద విషయం కాదు. అసలు కష్టం స్థలం.

ఒక్క ఫ్రీక్వెన్సీతో ఎందుకు సరిపోదు?

ముందు ఈ ప్రశ్న తేల్చుకోవాలి. సెల్‌ఫోన్‌కు టవర్ కావాలి. హామ్‌లు వాడే షార్ట్‌వేవ్ రేడియోకు, అంటే 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే హెచ్‌ఎఫ్ రేడియోకు, టవర్ అక్కర్లేదు. భూమికి వందల కిలోమీటర్ల పైన అయనోస్ఫియర్ అనే పొర ఉంది. సూర్యకాంతి వల్ల అక్కడి గాలికి విద్యుత్ గుణం వస్తుంది. మనం పంపిన తరంగం ఆ పొర దగ్గర వంగి మళ్లీ నేల మీదికి వస్తుంది. ఒక రకంగా అదే మన టవర్.

కానీ ఈ టవర్ గంటగంటకూ మారిపోతుంది. పగలు ఒకలా, రాత్రి ఒకలా ఉంటుంది. హైదరాబాద్ నుంచి విశాఖపట్నం గాలి దారిలో దాదాపు 500 కిలోమీటర్లు. ఆ దూరానికి పగటిపూట 7 మెగాహెర్ట్జ్ బ్యాండ్ బాగా పనిచేస్తుంది. చీకటి పడ్డాక అదే బ్యాండ్‌లో మన సిగ్నల్ విశాఖ మీదుగా దాటిపోయి ఇంకెక్కడో దిగొచ్చు. అప్పుడు 3.5 మెగాహెర్ట్జ్‌కు దిగాలి. పోర్ట్ బ్లెయిర్ లాంటి 1,600 కిలోమీటర్లకు పైగా ఉన్న చోటికి పగలు 14 మెగాహెర్ట్జ్ నయం. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లతో మాట్లాడాలంటే సమయాన్ని బట్టి 14, 18, 21 మెగాహెర్ట్జ్.

అంటే ఆపద సమయంలో ఒకే ఫ్రీక్వెన్సీ పట్టుకుని కూర్చుంటే లాభం లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు ఫోన్ వ్యవస్థ దెబ్బతిని జనం ఎంత అవస్థ పడ్డారో గుర్తుంది కదా. అలాంటి రోజున మధ్యాహ్నం ఒక బ్యాండ్, సాయంత్రం ఇంకొకటి, రాత్రి మరొకటి మార్చుకుంటూ పోవాలి. ఇక్కడే తీగ సమస్య మొదలవుతుంది.

మామూలు డైపోల్‌కు ఉన్న తలనొప్పి

హామ్‌లు ఎక్కువగా కట్టేది డైపోల్. మధ్యలో కేబుల్, రెండు వైపులా రెండు తీగలు, అంతే. చవక, సులువు, పనితనంలో మేటి. కానీ దానికి ఒక కచ్చితమైన పొడవు కావాలి. తరంగదైర్ఘ్యంలో సగం ఉండాలి. లెక్క సులువే: 143ను మెగాహెర్ట్జ్‌లో ఉన్న ఫ్రీక్వెన్సీతో భాగిస్తే మీటర్లలో పొడవు వస్తుంది. 14.2 మెగాహెర్ట్జ్‌కు సుమారు 10 మీటర్లు. 7.1కి 20 మీటర్లు. 3.6కి దాదాపు 40 మీటర్లు.

ఎందుకీ పట్టింపు? తీగలోకి వెళ్లిన విద్యుత్ తరంగం చివరిదాకా పరుగెత్తి, అక్కడ దారి లేక వెనక్కి తిరుగుతుంది. పొడవు సరిగ్గా కుదిరితే, వెళ్లే తరంగమూ వచ్చే తరంగమూ ఒకదానికొకటి తోడై తీగ హాయిగా పవర్ తీసుకుంటుంది. పొడవు కుదరకపోతే పవర్‌లో చాలా భాగం కేబుల్ గుండా వెనక్కి, రేడియో వైపే తిరిగొస్తుంది. ఈ తిరుగుటపాను కొలిచే లెక్కనే ఎస్‌డబ్ల్యూఆర్ అంటారు. అది 1 దగ్గర ఉంటే తిరిగొచ్చేది ఏమీ లేదన్నమాట. 3 దాటితే నేటి రేడియోలు చాలావరకు తమను తాము కాపాడుకోవడానికి పవర్ తగ్గించేస్తాయి.

కాబట్టి నాలుగు బ్యాండ్లు కావాలంటే నాలుగు డైపోల్‌లు కట్టాలి. లేదంటే మధ్యలో ట్యూనర్ అనే పెట్టె పెట్టి, బ్యాండ్ మార్చిన ప్రతిసారీ సర్దుకోవాలి.

ఇప్పుడు మన డాబా లెక్క చూడండి. 120 గజాల ప్లాటు అంటే 30 అడుగులు, 36 అడుగులు అనుకుందాం. మొత్తం 1,080 చదరపు అడుగులు. పొడవు వైపు కొలిస్తే 11 మీటర్లే. మూల నుంచి మూలకు ఐమూలగా కొలిస్తే దాదాపు 14.3 మీటర్లు. 7 మెగాహెర్ట్జ్ డైపోల్‌కు కావాల్సింది 20. అంటే తీగ పక్కింటి వాళ్ల గోడ మీదికి పోవాలి, లేదా వంచి కట్టాలి.

సాండ్ హంప్ తెలిసినవాళ్లకు ఇది తేలిక

ఇంకో దారి ఉంది. తరంగం చివరికి చేరి వెనక్కి తిరగడమే సమస్య అయితే, దాన్ని తిరగనివ్వకపోతే సరి.

రైల్వే ఇళ్లలో పెరిగిన వాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. సైడింగ్ పట్టా చివర బఫర్ ఉంటుంది. వ్యాగన్ వచ్చి కొడితే స్ప్రింగు దాన్ని కొంత వెనక్కి నెడుతుంది. అదే పట్టా చివర ఇసుక పోసి సాండ్ హంప్ చేస్తే? వ్యాగన్ అందులోకి దూసుకెళ్లి ఆగిపోతుంది. వెనక్కి రాదు. దాని వేగమంతా ఇసుక మింగేస్తుంది.

తీగలో ఆ ఇసుక పని చేసేది ఒక రెసిస్టర్. గాల్లోకి వెళ్లగా మిగిలిన తరంగం రెసిస్టర్ దగ్గరికి చేరి, వేడిగా మారిపోతుంది. వెనక్కి తిరిగొచ్చేది చాలా తక్కువ కాబట్టి పొడవు గురించి పట్టింపు బాగా తగ్గుతుంది. ఏ ఫ్రీక్వెన్సీ పెట్టినా రేడియోకు దాదాపు ఒకేలా కనిపిస్తుంది. చివరను ఇలా రెసిస్టర్‌తో ముగించిన తీగలను టర్మినేటెడ్ యాంటెన్నాలు అంటారు.

ఈ ఆలోచన ఈనాటిది కాదు. 1920ల్లో అమెరికా ఇంజినీర్ హెరాల్డ్ బెవరేజ్ నేలకు కొంచెం ఎత్తులో పొడవాటి తీగ పరిచి, దూరపు సిగ్నళ్లు వినే పద్ధతి కనిపెట్టాడు. 1921 డిసెంబర్‌లో పాల్ గాడ్లీ అనే అమెరికన్ హామ్ స్కాట్లాండ్‌లోని ఆర్డ్రోసన్‌లో అలాంటి తీగ వేసి, అట్లాంటిక్ అవతలి అమెరికా హామ్‌ల సిగ్నళ్లు విన్నాడు. తర్వాత వచ్చిన రాంబిక్ యాంటెన్నాలు కూడా చివరన రెసిస్టర్ పెట్టుకున్నవే. కానీ వీటికి ఎకరాల స్థలం కావాలి.

డాబాకు పనికొచ్చే రకం రెండో ప్రపంచ యుద్ధ కాలం తర్వాత హామ్‌లకు తెలిసింది. అమెరికా నౌకాదళంలో జరిగిన ప్రయోగాల ఆధారంగా కంట్రీమన్ అనే హామ్ 1949లో దీన్ని పత్రికలో పరిచయం చేశారు. పేరు టిల్టెడ్ టర్మినేటెడ్ ఫోల్డెడ్ డైపోల్. హామ్‌లు పొట్టిగా టీ2ఎఫ్‌డీ అంటారు. ఏటవాలుగా కట్టి, రెసిస్టర్‌తో ముగించిన, మడత డైపోల్ అని అర్థం.

లాలాగూడ డాబాకు కొలతలు

దీని రూపం సన్నగా పొడవుగా ఉన్న నిచ్చెన లాంటిది. రెండు తీగలు పక్కపక్కనే, ఒకదాని కింద ఒకటి. రెండు కొసల్లోనూ కలిపేస్తారు. కింది తీగ మధ్యలో రేడియో నుంచి వచ్చే కేబుల్. పై తీగ సరిగ్గా మధ్యలో రెసిస్టర్.

కొలతల సూత్రం ఇది. 100ను అతి తక్కువ ఫ్రీక్వెన్సీతో భాగిస్తే మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. 3ను అదే ఫ్రీక్వెన్సీతో భాగిస్తే రెండు తీగల మధ్య ఎడం వస్తుంది. 7 మెగాహెర్ట్జ్ నుంచి మొదలుపెడదాం. పొడవు 14.3 మీటర్లు. ఎడం 43 సెంటీమీటర్లు.

పైన చెప్పిన ఐమూల కొలత గుర్తుందా? అదీ 14.3 మీటర్లే. పైగా ఈ తీగను ఏటవాలుగా కట్టాలి కాబట్టి నేల మీద ఇంకా తక్కువ చోటు చాలు. 20 డిగ్రీల వాలు ఇస్తే అడ్డంగా 13.4 మీటర్లు పడుతుంది. కింది కొస డాబాకు 2 మీటర్ల ఎత్తులో, పై కొస సుమారు 7 మీటర్ల ఎత్తులో. 20 అడుగుల జీఐ పైపును మూడడుగుల పిట్టగోడకు గట్టిగా బిగించి నిలబెడితే ఆ ఎత్తు వచ్చేస్తుంది.

ఈ ఒక్క తీగ 7 నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా పనిచేస్తుంది. అంటే 7, 10, 14, 18, 21, 24, 28 మెగాహెర్ట్జ్ హామ్ బ్యాండ్లన్నీ. ట్యూనర్ లేకుండానే చాలావరకు లాగించొచ్చు.

సామాను కూడా ఊళ్లో దొరికేదే. తీగకు ఇంటి వైరింగ్‌కు వాడే రాగి వైరు చాలు. రెండు తీగలను ఎడంగా ఉంచడానికి పీవీసీ కండ్యూట్ పైపు ముక్కలు. పైపులు, క్లాంపులు, నైలాన్ తాళ్లు రాణిగంజ్‌లో. ఎలక్ట్రానిక్ సామాను కోఠి గుజరాతీ గల్లీలో.

రెసిస్టర్ విషయంలో మాత్రం జాగ్రత్త. 300 ఓమ్‌ల ఫీడ్‌కు 390 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టాలని పాత లెక్క. వైరు చుట్టి చేసిన రకం పనికిరాదు. అది కాయిల్‌లా ప్రవర్తించి మొత్తం పాడుచేస్తుంది. కార్బన్ లేదా ఫిల్మ్ రకం కావాలి. 3.9 కిలోఓమ్ రెసిస్టర్లు పది సమాంతరంగా కలిపితే సరిగ్గా 390 ఓమ్‌లు. ఒక్కోటి 3 వాట్లది అయితే మొత్తం 30 వాట్లు మోస్తుంది. 50 వాట్ల రేడియోతో మాట్లాడటానికి ఇది సరిపోతుంది. ఆగకుండా సిగ్నల్ పంపే డిజిటల్ పద్ధతులు వాడితే ఇంకా పెద్దది పెట్టాలి. వాన నీళ్లు పోకుండా, వేడి మాత్రం బయటికి పోయేలా డబ్బాలో పెట్టాలి.

ఫీడ్ కోసం పూర్వం దూరదర్శన్ యాంటెన్నాల నుంచి టీవీకి వచ్చే బల్లపరుపు రిబ్బన్ వైరు ఉండేది, గుర్తుందా? అది 300 ఓమ్‌ల వైరే. ఇప్పుడు గుండ్రటి 50 ఓమ్‌ల కేబుల్ వాడేవాళ్లు మధ్యలో 6:1 బాలన్ పెట్టుకోవాలి. ఫెరైట్ కోర్ మీద వైరు చుట్టి చేసే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ అది.

ఇక నష్టం లెక్క

ఇంతవరకు లాభాలే చెప్పాను. ఇప్పుడు ఖర్చు వైపు చూద్దాం.

రెసిస్టర్‌లో వేడిగా మారే పవర్ గాల్లోకి వెళ్లదు. అది పోయినట్టే. ఫ్రీక్వెన్సీని బట్టి ఇది మారుతుంది. మంచి చోట్ల సగం పవర్ దాకా గాల్లోకి వెళ్తుంది. కింది అంచున, అంటే మన 7 మెగాహెర్ట్జ్ దగ్గర, మూడో వంతు వెళ్తే గొప్ప. ఇంకా కిందికి దిగి అదే తీగ మీద 3.5 మెగాహెర్ట్జ్ పెడితే దాదాపు అంతా రెసిస్టర్‌కే నైవేద్యం.

ఇక్కడే చాలామంది మోసపోతారు. అన్ని బ్యాండ్లలోనూ ఎస్‌డబ్ల్యూఆర్ 2 లోపే చూపిస్తోంది కాబట్టి యాంటెన్నా అద్భుతం అనుకుంటారు. మీటరు అబద్ధం చెప్పదు, కానీ అది చెప్పేది ఒక్కటే: పవర్ వెనక్కి రాలేదు. గాల్లోకి వెళ్లిందా, రెసిస్టర్‌లో కాలిపోయిందా అన్నది దానికి తెలియదు. ఉత్త రెసిస్టర్ ఒక్కటే తగిలించినా మీటరు చక్కగా 1 చూపిస్తుంది. ఒక్క మాట కూడా గేటు దాటదు. కామర్స్ చదివిన వాడిగా నాకు ఇది వెంటనే అర్థమైంది. బ్యాలెన్స్ షీట్ రెండు వైపులా సరిపోయినంత మాత్రాన కంపెనీకి లాభం వచ్చినట్టు కాదు కదా.

మరి సగానికి పైగా పోగొట్టుకుని ఎవరైనా ఎందుకు కడతారు? దానికీ లెక్క ఉంది. రేడియోలో సిగ్నల్ బలాన్ని చూపే ఎస్ మీటర్ మీద ఒక గీత తగ్గాలంటే పవర్ నాలుగో వంతుకు పడిపోవాలి. 50 వాట్లలో 20 వాట్లే గాల్లోకి వెళ్లాయనుకుందాం. అవతలి మనిషి మీటర్ మీద తేడా ఒక్క గీత కంటే తక్కువే. మామూలు రోజున మాట వినపడటానికి, వినపడకపోవడానికి మధ్య తేడా అది కాదు. సిగ్నల్ అప్పటికే అంచు మీద ఉంటే మాత్రం తేడా కచ్చితంగా తెలుస్తుంది.

వినేటప్పుడు నష్టం ఇంకా తక్కువ. హెచ్‌ఎఫ్‌లో మన చెవికి అడ్డు పడేది బయటి నుంచి వచ్చే గోలే. మెరుపుల చిటపటలు, ఎల్‌ఈడీ బల్బుల డ్రైవర్లు, ఇన్వర్టర్లు, మన దగ్గరైతే రైల్వే కరెంటు లైను కూడా. యాంటెన్నా బలహీనమైతే సిగ్నల్‌తో పాటు ఈ గోల కూడా అంతే తగ్గుతుంది. రెంటి మధ్య తేడా అలాగే ఉంటుంది.

కాబట్టి రెసిస్టర్‌లో కాలే పవర్‌ను ఇన్సూరెన్స్ ప్రీమియంలా చూడాలి. రోజూ కడుతుంటే నష్టంలాగే ఉంటుంది. అవసరం పడిన రోజున, ఏ ఫ్రీక్వెన్సీ కావాలంటే ఆ ఫ్రీక్వెన్సీలో, ఏమీ సర్దకుండా, రెండు సెకన్లలో మాట్లాడగలగడమే ఆ పాలసీ ఇచ్చే డబ్బు. ఫ్రీక్వెన్సీలను తమంతట తామే మార్చుకుంటూ మంచిదాన్ని వెతికే రేడియోలను సైన్యాలు, సహాయ సంస్థలు వాడతాయి. వాటికి ఇలాంటి తీగలు నప్పడానికి కారణం ఇదే.

ఎవరు కట్టాలి, ఎవరికి అక్కర్లేదు?

ఒకటి రెండు బ్యాండ్లలోనే మాట్లాడే వారికి, స్థలం ఉన్నవారికి డైపోలే మేలు. తక్కువ ఖర్చు, పవర్ వృథా లేదు. యాంటెన్నా మీద చేయి తిరిగినవారు నిచ్చెన ఫీడర్‌తో డైపోల్, ట్యూనర్ పెట్టుకుంటే టీ2ఎఫ్‌డీ కంటే ఎక్కువ పవర్ గాల్లోకి పంపగలరు. కానీ ప్రతిసారీ సర్దుకోవాలి. కంగారులో ఉన్న మనిషికి, కొత్తగా నేర్చుకున్న కుర్రాడికి అదే పెద్ద అడ్డంకి.

టీ2ఎఫ్‌డీ నప్పేది చోటు తక్కువై, బ్యాండ్లు ఎక్కువ కావాల్సిన చోట. ఒకే స్టేషన్‌ను నలుగురు ఆపరేటర్లు వంతులవారీగా వాడే చోట.

అయితే రాత్రి సంగతి మరిచిపోకూడదు. రాత్రిపూట తెలంగాణ, ఆంధ్ర జిల్లాలతో మాట్లాడటానికి కావాల్సిన 3.5 మెగాహెర్ట్జ్, 120 గజాల డాబాకు అందదు. సూత్రం ప్రకారం దానికి 28.6 మీటర్ల పొడవు, 86 సెంటీమీటర్ల ఎడం కావాలి. అది ఒక్క ఇంటి పని కాదు. స్కూలు భవనం, ఫంక్షన్ హాలు, మసీదు లేదా చర్చి మేడ, కమ్యూనిటీ హాలు లాంటి చోట కుదురుతుంది. ఇలాంటి చాలా చోట్ల ఇన్వర్టర్ కూడా ముందే ఉంటుంది. 50 వాట్ల రేడియో మాట్లాడేటప్పుడు 12 వోల్టుల బ్యాటరీ నుంచి తీసుకునేది సుమారు 10, 12 ఆంపియర్లు. ఇంట్లో వాడే ఇన్వర్టర్ బ్యాటరీ ఒక్కటి కొన్ని గంటలు లాగుతుంది.

1908 సెప్టెంబర్ 28 నాటి మూసీ వరద ఈ నగరం ఇప్పటికీ చెప్పుకునే విషాదం. 2020 అక్టోబర్ వానలకు కాలనీలకు కాలనీలు మునిగింది మనం కళ్లారా చూశాం. అలాంటి రోజున సెల్ టవర్ బ్యాటరీ అయిపోయాక ఏం చేస్తాం? ఒక బస్తీకి లైసెన్సు ఉన్న ఇద్దరు ముగ్గురు పిల్లలు, ఒక మేడ మీద సిద్ధంగా ఉన్న ఒక తీగ ఉంటే, కనీసం ఒక దారి తెరిచి ఉన్నట్టే.

ప్రాణాల మీదికి తెచ్చుకోకండి

లాలాగూడలో తీగ కట్టేవాళ్లు ముందు పైకి, పక్కకు చూడాలి. రైల్వే లైను మీది తీగలో 25,000 వోల్టులు ఉంటాయి. దాన్ని ముట్టుకోనక్కర్లేదు, దగ్గరికి వెళ్లినా కొడుతుంది. బస్తీల్లో 11,000 వోల్టుల లైన్లు మేడలకు ఆనుకునే పోతుంటాయి. సూత్రం ఒక్కటే: మన తీగ తెగినా, పైపు ఒరిగినా, ఎటు పడినా కరెంటు తీగను తాకకూడదు. అలాంటి చోటు లేకపోతే యాంటెన్నా ఆలోచనే వదిలేయాలి.

రైల్వే క్వార్టర్‌లో ఉండేవాళ్లు సంబంధిత అధికారుల అనుమతి లేకుండా పైపు నిలబెట్టొద్దు. అద్దె ఇంట్లో అయితే యజమానిని అడగాలి. తీగ పక్కింటి మీదుగా పోతుంటే వాళ్లతో ముందే మాట్లాడుకోవాలి.

ఉరుములు మెరుపులు మొదలైతే కేబుల్ ఊడదీసి బయట పెట్టాలి. పైపుకు మంచి ఎర్తింగ్ ఉండాలి. మాట్లాడుతున్నప్పుడు తీగను ఎవరూ ముట్టుకోకుండా, కింది కొస పిల్లల చేతికి అందని ఎత్తులో ఉండాలి. సంక్రాంతి రోజుల్లో ఇంకో గొడవ. మన మేడల మీద పతంగులు ఎగరేయని ఇల్లు ఉండదు. మాంజా తీగకు చుట్టుకుంటుంది, పతంగి కోసం పిల్లలు పిట్టగోడ ఎక్కుతారు. ఆ నాలుగు రోజులు తీగ దించేయడమే మంచిది.

లైసెన్సు తప్పనిసరి

లైసెన్సు లేకుండా ట్రాన్స్‌మిట్ చేయడం నేరం. కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం పరీక్ష పెట్టి లైసెన్సు ఇస్తుంది. 12 ఏళ్లు నిండినవాళ్లు రాయొచ్చు. రెండు గ్రేడ్లు ఉన్నాయి. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌లో రేడియో బేసిక్స్, నియమాలు అడుగుతారు. మోర్స్ అక్కర్లేదు. పవర్ పరిమితి 50 వాట్లు. జనరల్ గ్రేడ్‌కు నిమిషానికి 8 మాటల వేగంతో మోర్స్ రావాలి. దాంట్లో 400 వాట్ల దాకా వెళ్లొచ్చు. స్టేషన్ ఎక్కడ పెడుతున్నారో లైసెన్సులో ఉంటుంది కాబట్టి, మసీదు మేడ మీదో స్కూలు మీదో పెట్టాలనుకునేవాళ్లు ముందే ఆ అనుమతి సంగతి చూసుకోవాలి. నిబంధనలు మారుతుంటాయి. దరఖాస్తుకు ముందు తాజావి చదవండి.

పరీక్షలో వచ్చే ఓమ్ లా, తరంగదైర్ఘ్యం లెక్కలు పదో తరగతి స్థాయివే. సైన్స్ గ్రూపు చదవలేదని భయపడాల్సిన పని లేదు.

పోర్ట్ బ్లెయిర్‌లో 2004లో అక్కరకొచ్చిన స్టేషన్‌ను ఎవరూ సునామీ కోసం పెట్టలేదు. సరదా కోసం పెట్టిందే ఆపద వేళ ఆదుకుంది. ఆపద వచ్చాక తీగ కొనడానికి రాణిగంజ్ వెళ్లే టైం ఉండదు. ఏది కట్టినా, డైపోల్ అయినా, పవర్ కాల్చే టీ2ఎఫ్‌డీ అయినా, ముందే కట్టి, వారానికోసారి వాడుతూ ఉంటేనే ఆ రోజు పలుకుతుంది.